మాంగా కథ ఎప్పుడు ఆగాలో తేల్చేది ఎవరు? (తొగాషి, తొరియామా, అషిహారా)

కాగితంపడవ:

మాంగా (జపాన్ కామిక్స్) గీసే యోషిహిరో తొగాషి పేరు ఎత్తితే చాలు, మన వేదికలో సగం మంది 'బద్ధకస్తుడు' అనేస్తున్నారు. ఆయన 'హంటర్ × హంటర్' ఏళ్ల తరబడి ఆగుతూ సాగుతూ ఉందని కోపం. ఆ మాట అనే ముందు ఒకసారి 1994 దగ్గరికి వెళ్దాం.

ఆయన అంతకు ముందు కథ 'యూయూ హకుషో' 1990లో షోనెన్ జంప్ వారపత్రికలో మొదలైంది. 1994కల్లా 175 చాప్టర్లు, 19 వాల్యూములు. పక్కన టీవీలో దాని అనిమే (కార్టూన్ రూపం) నడుస్తోంది, బొమ్మలు అమ్ముడవుతున్నాయి, పేరు మార్మోగుతోంది. అలాంటి సమయంలో రాక్షసలోకం టోర్నమెంట్ మొదలుపెట్టి, అసలు పోరాటాలు చూపించకుండానే ఫలితాలు చెప్పేసి, కొన్ని ప్రశాంతమైన చాప్టర్లు గీసి కథ ముగించేశాడు. చదివినవాళ్లందరికీ ఆ కుదుపు గుర్తుండే ఉంటుంది.

అదే ఏడాది సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి అభిమానులకు అందించాడు. నిద్ర లేదని, ఒళ్లు చెడిందని, గుండెల్లో నొప్పి వస్తోందని, మొత్తం తన చేత్తో తనకు నచ్చినట్టు గీసుకోవాలని ఉందని అందులో రాశాడు. తన స్వార్థంతోనే ఆపానని పాఠకులకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు.

నన్ను బాధపెట్టేది ఆ క్షమాపణే. కథ తనది, గీసే చెయ్యి తనది. తన కథను తాను ఆపుకున్నందుకు ఒక మనిషి లోకానికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిందంటే, ఆ కథ మీద హక్కు నిజంగా ఎవరి చేతిలో ఉన్నట్టు? దీని మీద మీ అందరి ఆలోచనా వినాలని ఉంది. స్పాయిలర్లు ఉంటే ముందే చెప్పండి.

గుంటూరు_సైయన్:

కాగితంపడవ గారూ, తొగాషి మీద నాకూ గౌరవమే. కానీ 'వ్యాపారం వచ్చి కళను చెడగొట్టింది' అనే వైపు ఈ చర్చ వెళ్లిపోతుందేమోనని ముందే అడ్డం పడుతున్నాను.

(డ్రాగన్ బాల్ ఆండ్రాయిడ్ ఆర్క్ స్పాయిలర్లు)

'డ్రాగన్ బాల్' గీసిన అకిరా తొరియామా ఈ భాగంలో ముందుగా విలన్లుగా తెచ్చింది 19, 20 నంబర్ల ఆండ్రాయిడ్లను (మరమనుషులను). ఆయన పాత ఎడిటర్ కజుహికో తొరిషిమా అప్పటికి ఆ కథ చూసే పనిలో లేడు. అయినా ఫోన్ చేసి, ఒక ముసలాడూ ఒక లావుపాటివాడూ విలన్లేమిటని అడిగాడు. దాంతో 17, 18 వచ్చారు. వీళ్లేమో కుర్రాళ్లలా ఉన్నారన్నాడు. అప్పుడు సెల్ అనే విలన్ పుట్టాడు. అప్పటి ఎడిటర్‌కు సెల్ మొదటి రూపం నచ్చలేదు, రెండో రూపం అసలే నచ్చలేదు. అలా అలా పర్‌ఫెక్ట్ సెల్ దాకా వచ్చింది కథ. ఇదంతా తొరియామానే ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ ఫోన్లు రాకపోతే సెల్ ఉండేవాడా? హీరో కొడుకు గోహన్ రెండో స్థాయికి ఎదిగే ఆ ఘట్టం ఉండేదా? 18 లేని డ్రాగన్ బాల్‌ను ఊహించుకోగలమా? తొరియామా అంతకు ముందు గీసిన 'డాక్టర్ స్లంప్'లో కూడా రోబో అమ్మాయి అరాలేను కథానాయిక చెయ్యమని పట్టుబట్టింది తొరిషిమానే. డ్రాగన్ బాల్ మొదట్లో సర్వేల్లో పడిపోతుంటే హీరోలో పస లేదని నిలదీశాడు. ఆ తర్వాతే శిక్షణ, టోర్నమెంట్ వచ్చాయి, కథ లేచి నిలబడింది. నా దృష్టిలో సగం డ్రాగన్ బాల్ ఆ ఎడిటర్‌ది.

కొత్తచిగురు:

నేను మాంగాకు కొత్త. డీమన్ స్లేయర్ సినిమా తెలుగులో చూశాక చదవడం మొదలుపెట్టాను. సర్వే అంటున్నారు కదా, అదేంటి? ఆన్‌లైన్ ఓటింగా?

కాగితంపడవ:

కొత్తచిగురు గారూ, స్వాగతం. ప్రతి సంచికలో ఒక పోస్ట్‌కార్డు ఉంటుంది. ఆ వారం బాగా నచ్చిన మూడు కథలు రాసి పంపాలి. ఆ లెక్కను బట్టే పత్రికలో ఏ కథ ముందు రావాలి, ఏది వెనక్కి పోవాలి, ఏది ఆగిపోవాలి అన్నది చాలావరకు తేలుతుంది. కొత్తగా మొదలైన కథకు లెక్క రాకపోతే పదివారాల చుట్టుపక్కల ముగించమని చెప్పేస్తారు. ఇప్పుడు వెబ్‌లోనూ ఓటు వెయ్యొచ్చు. పద్ధతి మాత్రం అదే.

ఈ కత్తికి పేరున్నవాళ్లు కూడా బలయ్యారు. మసామి కురుమదా 1984లో 'ఒతోకో జాకా' మొదలుపెట్టాడు, తన కలల కథ అదేనన్నాడు. మరుసటి ఏడాదే అది ఆగిపోయింది. చివరి పేజీలో 'ముగియలేదు' అని పెద్దక్షరాలతో రాసి మరీ వెళ్లాడు. తర్వాత 'సెయింట్ సేయా' గీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. అయినా ఆ పాత కథను వదల్లేదు, 2014లో మళ్లీ ఎత్తుకున్నాడు. దాదాపు ముప్పై ఏళ్లు మనసులో మోశాడన్నమాట.

ఇంకుమరక:

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ పనిలో ఉన్నాను, స్టోరీబోర్డులు గీస్తాను. గీసే చేతి వైపు నుంచి ఒక మాట.

సైయన్ తమ్ముడు చెప్పినవన్నీ నిజమే. కానీ అక్కడ రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. 'ఈ విలన్ బాగోలేదు, ఇంకోలా ఆలోచించు' అనడం ఒకటి. 'బాగున్నా బాగోకపోయినా వచ్చే వారం 19 పేజీలు కావాలి, ఆ పై వారం కూడా, ఇలా ఎన్నాళ్లో అడగొద్దు' అనడం ఇంకొకటి. మొదటిది పని నేర్పుతుంది. ఎదురుగా కూర్చుని నిజం చెప్పే ఎడిటర్ దొరకడం గీసేవాడి అదృష్టం. రెండోదే మనిషిని తినేస్తుంది.

19 పేజీలంటే ఏమిటో కాస్త చూడండి. ముందు ఏ గడిలో ఎవరుండాలి, ఎవరేం మాట్లాడాలి అని గీతల్లో ముసాయిదా వేసి ఎడిటర్‌కు చూపించాలి. ఆయన కాదంటే మళ్లీ వెయ్యాలి. ఒప్పుకున్నాక పెన్సిల్, ఆ మీద ఇంకు, నేపథ్యాలు, టోన్‌లు. అందుకే అసిస్టెంట్లను పెట్టుకుంటారు. వాళ్ల జీతాలు పత్రిక ఇవ్వదు, ఆర్టిస్టే తన పేజీ డబ్బుల్లోంచి ఇచ్చుకోవాలి. షూహో సాతో అనే ఆర్టిస్ట్ (డాక్టర్ల మీద 'బ్లాక్ జాక్ ని యోరోషికు' గీసినాయన) ఈ లెక్కలన్నీ బయటపెట్టాడు. పత్రిక ఇచ్చే పేజీ రేటు తయారీ ఖర్చుకే చాలదని, పుస్తకాలు అమ్ముడైతే వచ్చే రాయల్టీతోనే గట్టెక్కాలని చూపించాడు. ఆ రాయల్టీ మామూలుగా పుస్తకం ధరలో 10 శాతం. అంటే వాల్యూములు రావాలి, వాల్యూములు రావాలంటే కథ ఆగకూడదు. ఇక ఆపే స్వేచ్ఛ ఎక్కడిది?

తొరియామా తెలివి ఈ గడువును ఎలా తట్టుకుందో చెప్పే ఉదాహరణ నాకు చాలా ఇష్టం. డ్రాగన్ బాల్ హీరో బలం పెరిగి సూపర్ సైయన్ అయినప్పుడు జుట్టు బంగారు రంగుకు మారడానికి ఒక కారణం అసిస్టెంట్ పని తగ్గించడమని ఆయనే అన్నాడు. నల్లజుట్టైతే ప్రతి గడిలోనూ ఇంకు నింపాలి, తెల్లగా వదిలేస్తే ఆ పని ఉండదు. లోకంలో అందరూ గుర్తుపట్టే ఆ రూపం వెనక ఒక అలసిన గది ఉంది.

గుంటూరు_సైయన్:

ఇంకుమరక అన్నా, ఆ జుట్టు సంగతి నా మాటకే బలం కదా? గడువు లేకపోతే ఆ రూపమే లేదు.

ఇంకుమరక:

గడువు వద్దని నేననలేదు తమ్ముడూ. గడువుకు ఒక చివర ఉండాలంటున్నాను. 'డాక్టర్ స్లంప్' ఆపుతానని తొరియామా అడిగితే ఏమన్నారో తెలుసు కదా, మూడు నెలల్లో కొత్త సీరియల్ మొదలుపెడితేనే ఆపొచ్చన్నారు. అలా మొదలైందే 1984లో డ్రాగన్ బాల్. ఆ తర్వాత 1995 దాకా 519 చాప్టర్లు. స్లంప్ 1980లో మొదలైంది, అంటే పదిహేనేళ్లు దాదాపు ప్రతి వారం. డ్రాగన్ బాల్ అయిపోయాక అంత పొడవైన వారం సీరియల్ ఆయన మళ్లీ ముట్టుకోలేదు. 2024 మార్చిలో, 68 ఏళ్లకు వెళ్లిపోయేదాకా చిన్న కథలు, గేముల పాత్రలు, సినిమా కథలే. నాకైతే అదే సమాధానంలా అనిపిస్తుంది.

చందమామ_తరం:

పిల్లలందరికీ నమస్కారం. చందమామ బొమ్మలు చూస్తూ పెరిగినవాణ్ణి. మాంగా మా అబ్బాయి పుణ్యమా అని తెలిసింది, ఇప్పుడు వాడికన్నా నేనే ఎక్కువ చదువుతున్నాను.

మీరంతా జంప్ చుట్టూనే తిరుగుతున్నారు. ఒత్తిడి లేని చోటు జపాన్‌లో ఒకటి ఉండేది, దాని సంగతీ చూడండి. 1964లో కత్సుయిచి నాగాయ్ 'గారో' అనే మాసపత్రిక పెట్టాడు. సాన్‌పే షిరాతో గీసిన 'కముయి డెన్' కోసం మొదలైన పత్రిక అది. అంటరానివాళ్లుగా బతికినవాళ్లు, రైతులు, వాళ్ల తిరుగుబాట్లు. పెద్ద పిల్లల పత్రికలేవీ దాన్ని అలా వెయ్యనిచ్చేవి కావు. తర్వాత యోషిహారు త్సుగె వచ్చాడు. 1968లో ఆయన 'నెజిషికి' వేశారు, ఒక కలలాంటి కథ. తెగిన రక్తనాళం పట్టుకుని ఒక కుర్రాడు డాక్టర్ కోసం ఊరంతా వెతుకుతాడు. దానికి మొదలూ తుదీ అడిగే ఎడిటర్ ఉంటే అది పుట్టేదే కాదు. ఒసాము తెజుకా అంతటివాడు గారోను చూసి 1967లో 'కామ్' అనే సొంత పత్రిక పెట్టుకున్నాడు.

అయితే గారో రాను రాను పేజీకి డబ్బు ఇవ్వలేని స్థితికి వచ్చింది. అయినా గీసేవాళ్లు ఇస్తూనే ఉన్నారు, అచ్చులో పేరు చూసుకోవడం కోసం, ఎవరూ వేలు పెట్టరన్న ధైర్యం కోసం. బువ్వ వేరే చోట సంపాదించుకోవాలి. జంప్ 1994 చివర్లో ఒక్క సంచిక 65.3 లక్షల కాపీలు అచ్చువేసింది. ఒక పక్క అదీ, ఒక పక్క ఇదీ. రెండు చోట్లా గీసేవాడే నలిగాడు. నా బెంగ అదే.

నిశాచరి:

మీరందరూ పత్రిక లోపలి ఒత్తిడి గురించే మాట్లాడుతున్నారు. దాన్ని దాటి, టీవీ వాళ్లు వచ్చాక ఏం జరుగుతుందో చెప్పకపోతే ఈ చర్చకు న్యాయం జరగదు. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి. ఇందులో ఒక మరణం ఉంది. మనసు బాగోలేనివాళ్లు ఈ పోస్ట్ దాటేసి కిందికి వెళ్లండి.

హినాకో అషిహారా గారి 'సెక్సీ తనాకా సాన్'. పగలు ఆఫీసులో ఎవరితోనూ కలవని నలభై ఏళ్ల అకౌంట్స్ ఉద్యోగిని రాత్రిళ్లు బెల్లీ డాన్స్ చేస్తుంది. ఎంత సున్నితంగా గీశారో, ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా లోకం మోపే అంచనాలను ఎంత ఓపికగా విప్పారో చదివితేనే తెలుస్తుంది. 2023 అక్టోబరులో నిప్పాన్ టీవీ దాన్ని డ్రామాగా తీసింది. మాంగా అప్పటికి పూర్తి కాలేదు. అందుకే మాంగాకు కట్టుబడి తియ్యాలని, అవసరమైతే చివరి భాగాల కథా సంభాషణా తానే రాస్తానని ఆమె ముందే షరతు పెట్టారు. అయినా స్క్రిప్టులు మారి వచ్చేవి. పాత్రలు మారిపోయేవి, ఆమె ముఖ్యమనుకున్న సన్నివేశాలు పోయేవి. మాంగా గడువులు ఒక పక్క నడుస్తుండగానే స్క్రిప్టులు దిద్దుతూ కూర్చున్నారు. పది భాగాల్లో చివరి రెండూ చివరికి ఆమే రాయాల్సి వచ్చింది.

దాని మీద సోషల్ మీడియాలో విమర్శలు వచ్చాక, 2024 జనవరి 26న ఏం జరిగిందో ఆమె వివరంగా రాశారు. వెంటనే జనం స్క్రీన్ రచయిత్రి మీద విరుచుకుపడ్డారు. అషిహారా గారు కోరుకున్నది అది కాదు. రాసినదంతా తీసేసి, దాడి చేయాలని అనుకోలేదు, క్షమించండి అని ఒక్క వాక్యం పెట్టారు. జనవరి 29న ఆమె మరణవార్త వచ్చింది.

మే 31న టీవీ సంస్థ, జూన్ 3న ప్రచురణకర్త షోగాకుకాన్ వేరువేరుగా విచారణ నివేదికలు ఇచ్చాయి. షరతు స్పష్టంగా చెప్పామని ఒకరు, అది తప్పనిసరి షరతని మాకు తెలియలేదని ఇంకొకరు. రాసిన మనిషికి అంత ముఖ్యమైన మాట నాలుగు కుర్చీల మధ్య ఎక్కడో జారిపోయింది. కాగితం మీద సంతకాలతో ఎందుకు లేదు? ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

కొత్తచిగురు:

ఇది నాకు తెలియదు. చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నిశాచరి అక్కా, సినిమా, డ్రామా హక్కుల్లో ఆర్టిస్ట్‌కు ఎంత వస్తుంది? కనీసం డబ్బైనా ఉంటుందా?

నిశాచరి:

చాలామందికి అంతంతమాత్రమే చెల్లీ. 'థెర్మే రోమే' సినిమా 2012లో 580 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. మూల కథ వాడుకున్నందుకు తనకు ముట్టింది సుమారు 10 లక్షల యెన్‌లని ఆ మాంగా గీసిన మారి యమజాకి టీవీలో చెప్పారు. సినిమా వస్తే పుస్తకాలు అమ్ముడవుతాయి కదా అన్నది ప్రచురణకర్తల సమాధానం. నిజమే, అమ్ముడవుతాయి. కానీ ఆ మాట చెప్పి తక్కువకు ఒప్పించడం, ఆ పైన మార్పుల మీద నోరెత్తనివ్వకపోవడం న్యాయం కాదు. ఫుజి టీవీ తెర మీదికి తెచ్చిన 'ఉమిజరు' కూడా ఇంకుమరక గారు చెప్పిన షూహో సాతోదే. అనుమతి లేకుండా దాని మీద పుస్తకం తెచ్చారని, చెప్పాపెట్టకుండా తన ఆఫీసుకు చిత్రీకరణకు వచ్చారని 2012లో ఆ టీవీ సంస్థతో ఇక పని చేయనన్నాడు. అదే ఏడాది తన బ్లాక్ జాక్ కథను ఎవరైనా ఉచితంగా ఏ రకంగానైనా వాడుకోవచ్చని వదిలేశాడు. అందరికీ అంత గుండె ఉండదు, ఉండాలని అడగనూ కూడదు.

గుంటూరు_సైయన్:

అషిహారా గారి విషయంలో వాదించడానికి ఏమీ లేదు. అది ఎడిటింగ్ కాదు, మాట తప్పడం.

కానీ ఒకటి. కొయొహారు గొతోగె 'కిమెత్సు నో యాయిబా'ను (డీమన్ స్లేయర్ అసలు పేరు) 2020 మేలో 205 చాప్టర్లకు ఆపేసింది జంప్‌లోనే. అమ్మకాలు ఆకాశంలో ఉన్నాయి, ముగెన్ రైలు సినిమా రావడానికి ఇంకా అయిదు నెలలుంది. తకెహికో ఇనోవే 'స్లామ్ డంక్'ను 1996లో సన్నో జట్టుతో జరిగే మ్యాచ్‌తో ఆపాడు. అప్పుడు జంప్‌లో దాన్ని మించిన క్రీడా మాంగా లేదు. అంటే ఆపడం కుదురుతుందన్నమాటే కదా?

తూర్పుగాలి:

సైయన్ బ్రో, కుదిరింది నిజమే. ఎవరికి కుదిరిందో కూడా చూడాలి. ఆ పేర్లు పత్రికను మోసే స్థాయిలో ఉన్నాయి. కురుమదాకు కుదిరిందా? స్లామ్ డంక్ విషయంలో ఇంకో ముచ్చట. ఇనోవే ఆ కథ మీద పట్టు ఎప్పుడూ వదల్లేదు. 2004లో 10 కోట్ల కాపీలు దాటాయని, కనగావాలో మూసేసిన ఒక హైస్కూల్లో నల్లబల్లల మీద సుద్దముక్కతో ఆ కథకు తరువాయి గీశాడు. 2022 సినిమాకు కథా దర్శకత్వమూ తనవే. పత్రిక చివర పెట్టిన చుక్కను పాతికేళ్ల తర్వాత తనకు నచ్చిన చోట పెట్టుకున్నాడు.

నేను ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ నాకు కనిపిస్తున్న మార్పు ఏంటంటే, వారం పత్రిక ఒక్కటే దారి కాదు ఇప్పుడు. హిరోహికో అరాకి 2005లోనే తన 'జోజో' సీరియల్‌ను వారం నుంచి నెలకు మార్చుకున్నాడు, ఆ తర్వాత పేజీల్లో వచ్చిన నింపాదితనం చూడండి. హజిమే ఇసయామాను జంప్ తన మూసకు సరిపోడని తిప్పి పంపింది, వేరే సంస్థ నెలపత్రికలో 2009 నుంచి 2021 దాకా 'అటాక్ ఆన్ టైటన్' గీశాడు. ముగింపు నచ్చని వాళ్లున్నారు. నాకు నచ్చింది. నచ్చకపోయినా అది ఆయన పెట్టిన ముగింపు.

2014లో జంప్ ప్లస్ యాప్ వచ్చాక పేజీల లెక్క కూడా సడలింది. తత్సుకి ఫుజిమొతో 'లుక్ బ్యాక్' 140కి పైగా పేజీలు ఒకేసారి వేశారు, 2021లో. వారపత్రికలో దానికి చోటెక్కడ? అయితే పోస్ట్‌కార్డు పోయి వ్యూస్ వచ్చాయి, కామెంట్లు వచ్చాయి. వారం తర్వాత తెలిసే తీర్పు ఇప్పుడు పొద్దున్నకల్లా తెలుస్తోంది. అది తేలికో బరువో గీసేవాళ్లే చెప్పాలి.

ఇంకుమరక:

బరువే. నా చిన్న పనికే క్లయింట్ పంపే నంబర్లు చూశాక చెయ్యి భయపడుతుంది. నంబర్ చూసి గీసిన గీత, చూడకుండా గీసిన గీత ఒకేలా రావు.

చందమామ_తరం:

తొగాషి దగ్గర మొదలెట్టి ఆయన్నే మరిచాం. ఆయన ఇప్పుడెలా ఉన్నాడు?

తూర్పుగాలి:

'హంటర్ × హంటర్' గీస్తూ 2018 చివర ఆగినవాడు 2022 అక్టోబరులో తిరిగొచ్చాడు పెదనాన్నగారూ. నడుము నొప్పితో రెండేళ్లు కుర్చీలో కూర్చోలేకపోయానని అప్పుడు రాశాడు. మామూలు పద్ధతి వదిలేసి, పడుకుని గీసే దారి వెతుక్కున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో 400వ చాప్టర్ అయ్యాక, ఇకమీద వారం వారం పద్ధతిలో కాకుండా వేరేలా వేస్తామని జంప్ ప్రకటించింది. 2024 సెప్టెంబరులో 38వ వాల్యూమ్, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో పది చాప్టర్లు. మధ్యమధ్యలో తన సోషల్ మీడియా ఖాతాలో ఏ పేజీ ఎంతవరకు వచ్చిందో ఒక మూల ఫోటో తీసి పెడుతుంటాడు.

గుంటూరు_సైయన్:

వారం పద్ధతిలోంచి తీసేయడం నాకు సరైన పనే అనిపించింది. ఎడిటర్ ఉండాలన్న నా మాట మాత్రం అక్కడే ఉంది. తొరిషిమా లాంటి మనిషి తొగాషికీ దొరికి, అదే సమయంలో ఏడాదికి పది చాప్టర్లు చాలని కూడా అంటే, ఆ రాక్షసలోకం టోర్నమెంట్ మనకు పూర్తిగా దొరికేదేమో.

కాగితంపడవ:

నాకు ఆ టోర్నమెంట్ అలాగే ఉండాలి సైయన్ గారూ. చివరి చాప్టర్లలో హీరో యూసుకే సముద్రం ఒడ్డుకు రావడం, ఎవరూ ఎవరినీ కొట్టకపోవడం, అంతకు ముందు 170 చాప్టర్లలో ఎక్కడా లేని నిదానం. ఆ పేజీలు ఆయన ఎవరినీ అడగకుండా గీసినట్టే ఉంటాయి. జంప్ సంచికలో ఎలా వచ్చాయో చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నా దగ్గర వాల్యూమ్ మాత్రమే ఉంది.

తూర్పుగాలి:

ఇక్కడ పాత పుస్తకాల దుకాణాల్లో 1994 సంచికలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. దొరికితే ఈ చర్చలోనే రాస్తాను, ఏ కథ పక్కన, ఎన్నో స్థానంలో వేశారో సహా.